ఆయుర్దాయం లెక్క – మన పూచీ
(వల్లూరులో సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



"మా తాత నూరేళ్లు బతికినాడు" అని గొప్పగా చెప్పుకుంటాము. ఏ ఏట పుట్టినాడంటే మాత్రం "ధాత కరువు తర్వాత" అంటాము.

ఆ కరువు 1876–78లో వచ్చింది. కడప జిల్లా జనాభా 1871లో సుమారు పదమూడున్నర లక్షలు. 1881లో పదకొండు లక్షల ఇరవై వేలు. పెరగవలసిన జనం రెండు లక్షలకు పైగా తగ్గిపోయినారు. ఇందులో చనిపోయిన వారెందరు, వలస పోయిన వారెందరు? ఆ రెండు అంకెలు చెప్పలేవు. కనుకనే చావుపుట్టుకలను జరిగినప్పుడే రాసిపెట్టుకోవాలి.

ఇట్టి రికార్డులతోనే హేలీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు 1693లో ఆయుర్దాయ పట్టిక వేసినాడు. పద్ధతి తెలికైనదే. వెయ్యిమంది పిల్లలు పుట్టినారనుకుందాము. ఏ వయసులో ఎందరు పోతున్నారో రికార్డును బట్టి తీసివేస్తూ, అందరూ బతికిన ఏండ్లను కూడి వెయ్యితో భాగిస్తే సగటు ఆయుర్దాయము వస్తుంది.

1951 ప్రాంతంలో మన దేశంలో అది సుమారు 32 ఏండ్లు. అంటే అందరూ ముప్పై రెండేళ్లకే పోయినారని కాదు. పదిమందిలో ముగ్గురు పురిటిలోనే పోయి, ఏడుగురు అరవై ఏండ్లు బతికితే సగటు 42 మాత్రమే! 1971లో వెయ్యి కాన్పులకు 129 మంది శిశువులు ఏడాది నిండకుండా పోయేవారు. 2020 నాటికి 28కి తగ్గినారు. 2016–20 లెక్కల్లో ఆయుర్దాయము 70కి చేరింది.

ఈ అంకెల కోసం ప్రభుత్వం ఎంపిక చేసిన గ్రామాల్లో ఒకరు ఎప్పటికప్పుడు రాస్తారు. ఆరునెలలకొకసారి వేరొకరు ఇల్లిల్లూ అడుగుతారు. రెండింటినీ సరిపోల్చుతారు. కానీ మన ఊరి లెక్క తెలియాలంటే మనమే రాయించాలి.

ఆస్తిపరుడు పోతే వారసులే పరుగెత్తి సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. మూడురోజుల బిడ్డ పోతే ఎవరు రాయిస్తారు? రాయించకపోతే మన ఊళ్లో శిశుమరణాలే లేవని కాగితం చెబుతుంది. నర్సమ్మ అవసరం కూడా కాగితంలో కనపడదు.

1969 చట్టం ప్రకారం 21 రోజుల లోపల రాయిస్తే రుసుము లేదు. ఖనన స్థలం వద్ద మనమూ ఒక పుస్తకం పెట్టి పేరు, వయసు, తేదీ రాసి, ఇంటివారిని పంచాయతీకి పంపుదాము. ఆడవారి పేరు "ఫలానావారి భార్య" అని కాక, పేరుతోనే రాద్దాము.