ఇంట్లో ఉంటూనే ఇల్లు బాగుచేయిస్తున్నారా? ముందు దుమ్ము సంగతి చూడండి

నా వెనకాల సగం పెయింట్ వేసిన గోడ, ఈ పక్కన సిమెంట్ బస్తాలు కనిపిస్తున్నాయి కదా. సెట్ ఏమీ కాదు, మార్కాపురంలో మా ఇల్లే. కట్టి 28 ఏళ్ళయింది. ఉద్యోగం మానేసి ఊరికొచ్చాక నేనే పట్టుబట్టి పని మొదలుపెట్టించా. పాత బండలు పీకించి టైల్స్ వేయించాలి, వంటిల్లు మార్చాలి. నెలరోజుల పని కదా, దానికి అద్దె ఇల్లెందుకు, ఇందులోనే సర్దుకుందాం అనుకున్నాం.

వసారాలో స్టవ్ పెట్టుకున్నాం. బట్టలు, బియ్యం డ్రమ్ము, టీవీ అన్నీ ఒకే గదిలోకి చేరాయి. నా ల్యాప్‌టాప్ మేడ మీదకి వెళ్ళింది. ఇవన్నీ నవ్వుకుంటూ భరించే ఇబ్బందులే. నేను లెక్క వేసుకోనిది ఒక్కటుంది, దుమ్ము.

మా నాన్న పలకల ఫ్యాక్టరీలో పని చేశారు. ఈ వీడియో చూసేవాళ్ళలో చాలామంది ఫోన్ మీద అక్షరాలు దిద్దిన బ్యాచ్. కానీ మీ అమ్మానాన్నలు బలపం పట్టి అఆలు దిద్దిన పలక మా ఊరి రాయిదే అయ్యుండొచ్చు. పలకల వాడకం తగ్గాక ఆ రాయి ఇళ్ళ గోడలకి, నేలకి, పైకప్పులకి వెళ్ళింది, విదేశాలకి కూడా. నాన్న ఆ రాయి కోత దగ్గర 19 ఏళ్ళు ఉన్నారు. ఇప్పుడు మేడ మెట్లు ఎక్కాలంటే మధ్యలో ఒకసారి ఆగుతారు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, దుమ్ముకి దూరంగా ఉండాలి అని డాక్టర్ గారు ఎప్పుడో చెప్పారు. నాకు తెలుసు. తెలిసీ ఆయన మంచానికి పదడుగుల దూరంలో కట్టింగ్ మిషన్ పెట్టించా.

మూడో రోజు రాత్రి నాన్నకి దగ్గు ఆగలేదు. కూర్చుంటే కొంచెం నయం, పడుకుంటే మళ్ళీ మొదలు. తెల్లవారేదాకా అమ్మ వీపు రాస్తూ కూర్చుంది. పొద్దున నేను “నాన్నా, కొన్నాళ్ళు ఒంగోలులో అక్క వాళ్ళింటికి వెళ్ళండి” అన్నా. “ఇంట్లో పని జరుగుతుంటే ఇంటి మనిషి ఊళ్ళో లేకుండా పోతాడారా?” అన్నారు. అంతే, ఇక మాట్లాడలేదు.

అప్పుడు కూర్చుని చదివా. రాయి, ఇటుక, కాంక్రీటు, టైల్స్, వీటిని కోసినా పగలగొట్టినా సిలికా దుమ్ము వస్తుంది. మన కంటికి కనిపించే దుమ్ము కాసేపటికి నేల మీద పడిపోతుంది. అసలు ప్రమాదం 10 మైక్రాన్ల కంటే చిన్న కణాలతో. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు, దాంతో పోల్చుకోండి. అవి గంటల తరబడి గాల్లో తేలుతూ ఊపిరితిత్తుల లోపలిదాకా వెళ్తాయి. ఏళ్ళ తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది. వచ్చాక దాన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. మన దేశంలో అది ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో ఉంది. కిచెన్ ప్లాట్‌ఫామ్‌కి ఇప్పుడు షాపుల్లో చూపించే క్వార్ట్జ్ స్టోన్ ఉంది చూడండి, ఫ్యాక్టరీలో తయారుచేసే రకం, దాంట్లో సిలికా 90 శాతం పైన కూడా ఉంటుంది. కోసే కార్మికులకి సిలికోసిస్ వస్తోందని ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి దాన్ని నిషేధించింది.

భయపెట్టడానికి చెప్పట్లేదు. నెలరోజుల ఇంటి పనితో మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్ళకి సిలికోసిస్ రాదు. కానీ ఉబ్బసం ఉన్నవాళ్ళకి, చంటిపిల్లలకి, మా నాన్నలాంటి వాళ్ళకి ఆ నెల చాలా కష్టం. ఇంకొకరున్నారు, టైల్స్ కోసే అబ్బాయి. మా ఇంట్లో అయిపోగానే ఇంకో ఇంటికి వెళ్తాడు. అతనికి ఏడాదంతా అదే గాలి.

మేము ఏం మార్చామో చెప్తా. కోత మొత్తం ఇంటి బయటికి, గాలి అవతలికి వీచే వైపుకి మార్పించాం. తిన్నగా కోసే టైల్స్‌కి కరెంటు లేకుండా చేత్తో గీసి విరిచే కట్టర్ తెప్పించాం. దాంతో దుమ్ము దాదాపు రాదు. మిగతావాటికి నీళ్ళతో కోసే మిషన్. మామూలు గ్రైండర్ మీద మాత్రం నీళ్ళు పొయ్యకండి, షాక్ కొడుతుంది. మిషన్ తడి పనికి తయారుచేసిందై ఉండాలి, లైన్‌కి ఆర్‌సీసీబీ ఉండాలి. “ట్యాంకర్ నీళ్ళు కొనుక్కునే ఊళ్ళో నీళ్ళు పోసి కొయ్యమంటారేందన్నా?” అన్నాడు మేస్త్రీ. న్యాయమైన ప్రశ్నే. డ్రమ్ములో నీళ్ళు పట్టి, తేరాక పైనీళ్ళు మళ్ళీ వాడాం.

పని జరిగే గదికి, మేముండే గదికి మధ్య పైనుంచి కిందదాకా ప్లాస్టిక్ పట్టా కట్టి అంచులకి టేపు వేశాం. పని గదిలో ఫ్యాన్ బంద్. కూలర్ కూడా బంద్, అది బయటి దుమ్మంతా లాగి ఇంట్లోకి తోస్తుంది. అమ్మ పొడి చీపురు పక్కన పెట్టింది, ముందు నీళ్ళు చల్లి తర్వాత తడిగుడ్డ. ముక్కుకి తువ్వాలు కట్టుకుంటే సన్న దుమ్ము ఆగదు. పనివాళ్ళకి ఎన్95 మాస్కులు కొనిచ్చాం, మా టైల్స్ ఖర్చులో అదో లెక్క కూడా కాదు.

నాన్న ఒంగోలు వెళ్ళలేదు. వెనకవీధి పిన్ని వాళ్ళ వసారాలో పగలంతా మంచం వేయించాం. అక్కణ్ణుంచి మా గేటు కనిపిస్తుంది, అందుకే ఒప్పుకున్నారు. ఒకరోజు ఆ టైల్స్ అబ్బాయి మాస్కు గడ్డం కిందకి లాగి పని చేస్తుంటే నాన్న అంత దూరం నుంచి లేచొచ్చారు. వచ్చేసరికి ఆయాసం. కాసేపు నిలబడి, ఊపిరి తీసుకుని, “నన్ను చూడు నాయనా” అన్నారు. ఆ అబ్బాయి మాస్కు పైకి లాక్కున్నాడు.

నడిమింట్లో బండలు మాత్రం పీకించలేదు. అవి ఫ్యాక్టరీ నుంచి నాన్న తెచ్చి పరిచిన పలకరాయి బండలు. డబ్బు మిగిలింది, ఒక గది దుమ్ము తప్పింది. కడిగి చూస్తే బాగానే ఉన్నాయి, టైల్స్ కంటే చల్లగా కూడా.

మీ ఇంట్లో పని పెట్టుకునే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి, ఈ ఇంట్లో ఎవరి ఊపిరి బలహీనం? ముందు వాళ్ళ మంచం ఎక్కడ వెయ్యాలో తేల్చుకుని, తర్వాత మేస్త్రీకి ఫోన్ చెయ్యండి. ఇంటి పని టైంలో మీరేం తిప్పలు పడ్డారో కామెంట్లో రాయండి, అన్నీ చదువుతా. వచ్చే ఎపిసోడ్‌కి ఈ గోడకి రెండో కోటు పడుతుందని ఆశ. ఉంటా మరి.