వ్యాయామమును శరీరభారమును
(సాంస్కృతిక సంఘ సమావేశమున గావింపబడిన ప్రసంగము)



కార్యాలయ జీవితమున ఈ దృశ్యము అందఱికిని పరిచితమే. వైద్యుడు శరీరభారము తగ్గించుకొనవలెనని చెప్పును. ఉద్యోగి మఱునాడే క్రొత్త బూట్లు కొని, తెల్లవాఱకముందే లేచి, దినమునకు అరగంట నడక ప్రారంభించును. 40 దినములు నియమము తప్పడు. పిదప తూనికయంత్రమెక్కి చూచుకొనగా తగ్గినది అరకిలోయైనను ఉండదు. “ఇంత శ్రమయు వృథాయే” యని బూట్లను మంచము క్రిందికి త్రోసివేయును. వానితోపాటు అతడు త్రోసివేసినది యేమియో విచారించుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

మొదట లెక్క. ఒక కిలో క్రొవ్వునందు సుమారు 7,700 కిలోకాలరీల శక్తి నిలువయుండును. 70 కిలోల బరువుగల మనుష్యుడు అరగంట చుఱుకుగా నడచినచో, ఊరక కూర్చున్నప్పటికంటె అధికముగా వ్యయమగునది ఇంచుమించు 100 నుండి 125 కిలోకాలరీలు మాత్రమే. ఆహారము రవంతయు పెరుగకున్నను, ఆ కిలో కరుగుటకు రెండు నెలలకు పైగా పట్టును. తిరిగి వచ్చుచు త్రోవలో రెండు గారెలు తిని, చక్కెర వేసిన కాఫీ త్రాగినచో, నాడు కరిగినదానికంటె చేరినదే ఎక్కువయగును. కావున తూనికయంత్రము కదలకుండుటలో ఆశ్చర్యము లేదు. దోషము నడకది కాదు. దానినుండి తొందరపడి ఆశించిన ఫలమునది.

శరీరము కూడ గొప్ప పొదుపరి. టాంజానియా దేశమున హడ్జా యను జాతివారు నేటికిని వేటాడియు, దుంపలు త్రవ్వియు జీవించువారు. హెర్మన్ పాంట్జర్ అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో వారి దైనందిన శక్తివ్యయమును కొలిచి 2012లో ఫలితములను ప్రకటించెను. దేహపరిమాణమును లెక్కలోనికి తీసికొని చూడగా, పాశ్చాత్య నగరవాసుల వ్యయమునకును వారి వ్యయమునకును చెప్పదగిన భేదము కనబడలేదు. శ్రమ హెచ్చినపుడు శరీరము ఇతర వ్యయములను కొంత కుదించుకొనునని పలువురి ఊహ. ఆహారమును చక్కబెట్టుకొనక, నడకతోడనే బరువు తగ్గింపజూచుట కష్టసాధ్యము.

అట్లయినచో వ్యాయామము నిష్ప్రయోజనమా? కాదు. దీనికి సమాధానము కలకత్తా సమీపముననే లభించినది. అచ్చటి జనపనార మిల్లుకు సంబంధించిన 213 మంది పురుషుల ఆహారమును, బరువును, పనిని పరిశీలించి జీన్ మేయర్ మొదలగువారు 1956లో ఒక వ్యాసము ప్రకటించిరి. అట్టి మిల్లుల శ్రమ యెట్టిదో నెల్లిమర్ల, చిట్టివలస ప్రాంతములవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. తేలికపని మొదలు కఠినశ్రమ వఱకు, పని పెరిగినకొలది ఆహారము పెరిగెను గాని బరువు పెరుగలేదు. దినమంతయు కూర్చుండు దుకాణదారులు మొదలగువారు మాత్రము తేలికపని చేయువారికంటె అధికముగా భుజించుచుండిరి. బరువును వారిదే అధికము. ఒక్క మిల్లును చూచి సర్వమును సిద్ధాంతీకరింపరాదు. అయినను కదలిక మిక్కిలి తగ్గినపుడు ఆకలి దానిననుసరించి తగ్గదను సూచన విస్మరింపదగినది కాదు.

ఈ మాట గుమాస్తా కుర్చీలలో కూర్చుండువారికి సూటిగా తగులును. తాతగారు నాగలి పట్టి మధ్యాహ్నమునకు పెద్దకంచమెడు అన్నము తినిరి. ఆ అన్నము చేనిలోనే కరిగెను. మనుమనికి నాగలి పోయినది, కంచము మిగిలినది. ఆవకాయయు, నేయియు, మాఱువడ్డనయు మిగిలినవి. ఫైళ్ళు త్రిప్పుటయు మీట నొక్కుటయు ఆ కంచమునకు సరిపోవు పనులు కావు.

ఇక వ్యాయామమునకు గల అసలు ఫలము. లండను నగరపు రెండంతస్తుల బస్సులలో ఆనాడు డ్రైవరు కూర్చుండియే యుండెడివాడు. కండక్టరు దినమంతయు మెట్లెక్కి దిగుచుండెడివాడు. కండక్టర్లకు హృద్రోగము తక్కువయని జెరెమీ మారిస్ బృందము 1953లో ప్రకటించెను. డ్రైవర్ల నడుములు లావైనవగుటయే కారణమేమోయని సందేహము కలిగి, 1956లో వారి యూనిఫారము లాగుల కొలతలను పరిశీలించిరి. డ్రైవర్ల నడుములు నిజముగనే లావుగ నుండెను. కాని సన్ననివారిలోను, లావైనవారిలోను ఆకస్మిక హృద్రోగమరణములు కండక్టర్లయందే తక్కువగ కనబడెను. అనగా కదలిక చేయు మేలు నడుము కొలతపైననే ఆధారపడియుండలేదు.

బరువు తగ్గించుట ప్రధానముగ వంటయింటి పని. తగ్గినదానిని నిలుపుకొనుటకును, గుండెను, కండరములను కాపాడుకొనుటకును వ్యాయామము కావలెను. అమెరికాలో 1994లో ప్రారంభమైన ఒక పట్టికలో, బరువు బాగుగ తగ్గి తిరిగి పెరుగనీయనివారి అలవాట్లు నమోదైనవి. వారిలో పెక్కుమంది దినమునకు సుమారు గంటసేపు వ్యాయామము చేయువారే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వారమునకు 150 నుండి 300 నిమిషముల మధ్యమ వ్యాయామమును, రెండు దినములైనను కండరములకు బలమిచ్చు అభ్యాసమును విధించినది. హృద్రోగులును, మధుమేహమునకు మందు వాడువారును వైద్యుని అడిగి ప్రారంభించుట మేలు. తూనికయంత్రముతోపాటు నడుముకు టేపు చుట్టి చూచుకొనవలెను. భారతీయ పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటుట హెచ్చరికగా వైద్యులు భావింతురు.

ఇంకొక మాట. భర్త నడకకు పోవు వేళ భార్య క్యారేజి సర్దుచుండును, పిల్లలను బడికి సిద్ధము చేయుచుండును. ఆమె గుండెయు గుండెయే. ఆమెకు కావలసినది ఉపదేశము కాదు, అరగంట వ్యవధి. ఆ వ్యవధి నిచ్చు బాధ్యత ఇంటివారందఱిది.

కావున, మంచము క్రింద బూట్లున్నవారు నేటి సాయంకాలమే వానిని వెలికి తీయుదురుగాక! తూనికయంత్రము ఏమి చెప్పినను, మెట్లెక్కునపుడు ఆయాసము తగ్గినదా, రాత్రి నిద్ర బాగుగ పట్టినదా యని తమ దేహమునే అడుగుదురుగాక! ఆ 40 దినములలో అరకిలో తగ్గకపోయినను, నడచిన అడుగు ఒక్కటియు వృథా పోలేదు.