కనుమ ఇవతలి ఊరు: మౌంటెన్ హౌస్



మన పిల్లలు కొందరు ఇళ్లు కొంటున్న మౌంటెన్ హౌస్ గురించి రెండు మాటలు. పేరు చూసి కొండమీద ఊరనుకోకండి. కాలిఫోర్నియాలోని శాన్ వాకీన్ కౌంటీలో, కొండలకు తూర్పున మైదానంలో ఉంది. మొదటి కుటుంబాలు 2003లో చేరాయి. 2020 నాటికి జనాభా సుమారు 24,500. 2024 మార్చిలో జనం ఓట్లేసి నగరహోదా తెచ్చుకున్నారు. మనలా జీ.ఓ. కోసం కూర్చోలేదు! జూలై 1న అది రాష్ట్రంలో 483వ నగరమైంది.

ఉద్యోగాలు మాత్రం చాలామందికి ఆల్టమాంట్ కనుమ అవతల, బే ఏరియాలో. తెల్లవారకముందే కనుమ దారిలో కార్లు బారులు తీరుతాయి. 1998 నుంచి నడుస్తున్న ఏస్ రైలెక్కాలన్నా పక్కనున్న ట్రేసీకి పోవాలి. అవతలికంటే ఇల్లు చౌక గనుకనే ఈ అవస్థ.

ఆ చౌకా నిలకడైనది కాదు. 2008లో ధరలు కూలినప్పుడు, అక్కడ అప్పుమీద కొన్న ఇళ్లలో దాదాపు పదింట తొమ్మిదింటికి విలువకంటే అప్పే ఎక్కువైంది. తరువాత కోలుకున్నాయనుకోండి.

గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము పిల్లల డౌన్ పేమెంటుకు పంపదలచినవారు నెలవాయిదాతోబాటు ఊరి ప్రత్యేకపన్ను ఎంతో, పొద్దున ఎన్నింటికి బయలుదేరాలో కూడా అడిగి తెలుసుకోండి. సెలవు.