పాత కచేరీలు, కొత్త హోటళ్లు – మన మాటకు చోటెక్కడ?

(సూరత్‌లో జరిగిన తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో సమాఖ్య కార్యవర్గ సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



ఈనాడు నన్ను మాట్లాడమన్న విషయం వినడానికి చిన్నది. కాలం చెల్లిన ప్రభుత్వ కార్యాలయ భవనాన్ని హోటలుగా మార్చవచ్చునా? మార్చేటప్పుడు అందులో పనిచేసేవారిని, దాని చుట్టూ బ్రతికేవారిని అడగవలసిన అవసరం ఉన్నదా? జీతభత్యాలు, ఖాళీ పోస్టులు, పింఛను వంటి పెద్ద సమస్యలు ఉండగా ఈ గోడల గొడవ మనకెందుకని కొందరు మిత్రులు అడిగారు. ఎందుకో చెప్పడానికే నిలబడ్డాను. ఇందులో నా స్వంత పొరపాటు కూడా ఒకటి ఉన్నది. దానిని దాచకుండా మీ ముందుంచుతాను.

సూరత్ నేర్పే పాఠం

సూరత్ మనకు పరాయి ఊరు కాదు. తెలంగాణ జిల్లాల నుంచి చేతిమగ్గం విడిచి పవర్‌లూముల వద్దకు వచ్చిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో దశాబ్దాలుగా నివసిస్తున్నాయి. ఇక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో సైతం పాఠశాలలు నడిపింది. ఆ కుటుంబాలు నెలనెలా ఊరికి పంపుకొన్న మనియార్డర్లు మన తపాలా సోదరుల చేతుల మీదుగానే వెళ్లాయి. రైల్వే చరిత్రలోనూ ఈ ఊరి స్థానం గొప్పది. 1855లో ఏర్పడిన బొంబాయి, బరోడా, సెంట్రల్ ఇండియా రైల్వే కంపెనీ తొలి ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉండేది. 1860లో ఆ కంపెనీ తొలి రైలు మార్గం అంకలేశ్వర్ నుంచి తాపీ నది ఉత్తరపు ఒడ్డున గల ఉత్రాణ్ వరకు వచ్చింది.

తాపీ ఒడ్డున ఉన్న కోటను మీలో చాలామంది చూచి ఉంటారు. అది పదహారవ శతాబ్దపు కట్టడం. 1862లో సైనికులు దానిని ఖాళీ చేసిన తరువాత ఆ గదులలో రెవెన్యూ, పోలీసు శాఖల కచేరీలు పెట్టారు. అనగా ఆ కోట చాలాకాలం ఒక ప్రభుత్వ కార్యాలయం. కచేరీల కాలం ముగిసిన తరువాత నగరపాలక సంస్థ దానిని బాగుచేయించి మ్యూజియంగా తీర్చిదిద్దింది. 2022 నాటికి ఆ పని పూర్తయింది. కచేరీకి కాలం చెల్లినంత మాత్రాన కట్టడానికి కాలం చెల్లదనీ, అది ప్రజల చేతిలోనే ఉండి ప్రజలకు పనికిరాగలదనీ ఆ కోట చెబుతున్నది.

రెండవ పాఠం ఇంకా ముఖ్యమైనది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో ఈ నగరం నుంచి లక్షలాది జనం రైళ్లెక్కి పారిపోయారు. ఆ రోజుల్లో స్టేషనులో డ్యూటీ చేసిన మన సోదరులు కొందరు ఈ సభలో ఉన్నారు. 1995లో మునిసిపల్ కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావుగారు అధికారులను చల్లని గదులలో నుంచి లేపి ప్రతిదినం వీధులలోకి పంపారు. కొద్దికాలంలోనే నగరం శుభ్రపడింది. అయితే ఊడ్చిన చేతులు పారిశుధ్య కార్మికులవి. పనిచేసేవాని అనుభవాన్ని లెక్కలోకి తీసుకొనక ఏ నగరమూ బాగుపడదని సూరత్ ఆనాడే రుజువు చేసింది.

పట్టాల మీద హోటలు

ఇక అసలు విషయం. ఇక్కడికి కొద్ది గంటల దూరంలోని గాంధీనగర్ రాజధాని స్టేషనులో పట్టాల పైభాగాన 318 గదుల అయిదు నక్షత్రాల హోటలు లేచింది. 2021 జులై 16న దానిని ప్రారంభించారు. గుజరాత్ ప్రభుత్వం 74 శాతం, రైల్వే 26 శాతం వాటాలతో ఏర్పడిన సంయుక్త సంస్థ దానిని కట్టించింది. ఆ మరుసటి నెలలోనే కేంద్రం జాతీయ ఆస్తుల నగదీకరణ పథకాన్ని ప్రకటించింది. నాలుగేళ్లలో ఆరు లక్షల కోట్ల రూపాయలు రాబట్టాలన్నది దాని లక్ష్యం. అందులో రైల్వే వాటా సుమారు లక్షా యాభై రెండు వేల కోట్లు. 400 స్టేషన్లు, 15 రైల్వే స్టేడియములు, కొన్ని రైల్వే కాలనీలు సైతం ఆ జాబితాకెక్కాయి. రైల్వే భూములను వాణిజ్యానికి వినియోగించేందుకు ప్రత్యేకంగా భూమి అభివృద్ధి సంస్థ ఒకటి అంతకు ముందే, 2005 నాటి చట్ట సవరణతో ఏర్పడింది.

సూరత్ స్టేషను పునర్నిర్మాణాన్ని రైల్వే శాఖ, రాష్ట్ర ప్రభుత్వం, నగరపాలక సంస్థ కలిసి తలపెట్టాయి. రైలు, బస్సు, వాణిజ్య కట్టడాలు ఒకే చోటికి రావాలన్నది ఉద్దేశం. 2024లో ప్లాట్‌ఫారముల పని నిమిత్తం కొన్ని రైళ్లను ఉధ్నాకు మార్చినప్పుడు ప్రయాణికులకేకాక కూలీలకు, సరకు దించేవారికి, ఆటోలవారికి ఏమైందో మీకు నేను చెప్పనక్కరలేదు. మూడు సంస్థలకు మూడు కుర్చీలు వేశారు, మంచిదే. పనివారికీ, పొరుగువారికీ నాలుగవ కుర్చీ ఏదని నా ప్రశ్న. మన స్వంత గడ్డపై సికింద్రాబాదు స్టేషను ముందుభాగపు పాత కమానులను 2025లో పడగొట్టినప్పుడు నగరవాసులు ఎంతగానో బాధపడ్డారు. అయితే ఆ బాధ పత్రికలకెక్కే వేళకు పని ముగిసింది. అడగవలసిన సమయంలో అడిగేవారు లేకపోతే తరువాత మిగిలేది జ్ఞాపకం మాత్రమే.

ఇతర దేశాల అనుభవం

తపాలా సోదరుల కోసం రెండు ఉదాహరణలు. సింగపూరులో 1928లో తెరిచిన ఫుల్లర్టన్ భవనంలో జనరల్ పోస్టాఫీసు ఉండేది. 1996లో పోస్టాఫీసు అక్కడి నుంచి వెళ్లిపోయింది. 2001లో ఆ భవనం హోటలైంది. స్తంభాలు, ముఖభాగం చెక్కుచెదరలేదు. 2015లో దానిని జాతీయ స్మారకంగా ప్రకటించారు.

వాషింగ్టనులోని పాత పోస్టాఫీసు భవనం కథ ఇంకా గమనింపదగినది. 1899లో పూర్తయిన ఆ భవనాన్ని 1970ల ఆరంభంలో పడగొట్టడానికి సిద్ధపడ్డారు. అప్పుడు పౌరులు ఒక సంఘంగా ఏర్పడి, ‘దానిని కూల్చవద్దు’ అన్న నినాదాన్నే సంఘానికి పేరుగా పెట్టుకొన్నారు. అక్కడి కళల నిధి సంస్థ అధ్యక్షురాలు నాన్సీ హాంక్స్ వారి పక్షాన పట్టుబట్టారు. 1976లో వచ్చిన చట్టం ప్రభుత్వ భవనాలలో కార్యాలయాలతోపాటు దుకాణాలకు, భోజనశాలలకు, ప్రజల కార్యక్రమాలకు చోటివ్వడానికి వీలు కల్పించింది. ఆ భవనాన్ని 2013లో అరవై ఏళ్ల కౌలుకిచ్చారు. 2016లో అందులో హోటలు తెరిచారు. 2022లో ఆ కౌలు హక్కు ముప్పై ఏడున్నర కోట్ల డాలర్లకు చేతులు మారింది. అయినా భవనం ప్రభుత్వానిదే. దాని గడియార గోపురం ఎక్కి నగరాన్ని చూచే అవకాశం సామాన్యునికి ఉచితంగానే మిగిలింది. ముందుగా పోరాడిన పౌరులు లేకపోతే భవనమే ఉండేది కాదు.

మన దేశంలో పురీ, రాంచీలలోని రైల్వే హోటళ్లను కౌలుకిచ్చిన తీరుపై 2017లో సి.బి.ఐ. కేసు నమోదు చేసింది. వ్యవహారం న్యాయస్థానానికి చేరింది గనుక తీర్పు చెప్పడం మన పని కాదు. కౌలు కాగితం చీకటిలో కాక వెలుతురులో వ్రాయాలని కోరడం మాత్రం మన పనే.

నా పొరపాటు

1990ల చివర నేను యువ కార్యదర్శిని. ఒక జంక్షను పట్టణంలో స్టేషనును ఆనుకొని రెండంతస్తుల పాత భవనం ఉండేది. కింద ఆర్.ఎం.ఎస్. సార్టింగు హాలు, పైన సిబ్బంది విశ్రాంతి గదులు. కప్పు కారేది. వానాకాలం సంచుల మీద టార్పాలిను కప్పుకొని పనిచేసేవారు. దానిని హోటలుకివ్వాలన్న ప్రతిపాదన వచ్చింది. ‘ఒక్క ఇటుక కూడా ఇవ్వం’ అని నేను గేటు వద్ద ఉపన్యసించాను. అధికారులు చర్చకు పిలిస్తే బహిష్కరించాము. దానిని విజయంగా భావించి చప్పట్లు కూడా కొట్టుకొన్నాము.

ఎదుటి టీ దుకాణదారుని అడగలేదు. రిక్షా స్టాండువారిని అడగలేదు. నెల మొదట పింఛనుకు వచ్చే ముసలివారిని అడగలేదు. హోటలు వస్తే వ్యాపారం పెరుగుతుందని ఊరి వర్తకులు ఆశపడ్డారు. వారు ఒకవైపు, మేము ఒకవైపు అయ్యాము. ఏడాది తిరగకముందే సిబ్బందిని ఊరి చివరి అద్దె షెడ్డుకు మార్చారు. విశ్రాంతి గదుల మాట ఎవరి కాగితంలోనూ లేదు, మా కాగితంలోనూ లేదు. తెల్లవారుజామున రైలు దిగిన సార్టర్లు ఖాళీ సంచులు పరచుకొని పడుకొన్నారు. పదవీ విరమణకు దగ్గరపడిన ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి ఇలా అన్నారు: “తమ్ముడూ, గోడల కోసం బాగానే పోట్లాడావు. మా మంచాల సంగతి అడగడం మరిచావు.”

ఆ భవనంలో తరువాత హోటలు వెలసింది. మనం సంచులు దించిన వాకిట్లో కార్లు నిలిచాయి. టీ దుకాణం కూడా పోయింది. ఆ పెద్దాయన మాట ఈనాటికీ నా చెవులలో ఉన్నది. ‘వద్దు’ అనడం ఒక హక్కు. అయితే ‘వద్దు’ తరువాత ఏమి కోరాలో తెలియని సంఘం తన సభ్యులను వట్టి చేతులతో ఇంటికి పంపుతుంది.

మన వైఖరి

కనుక పాత గోడలను పూజించమని నేను చెప్పను. పనులు మారాయి. 2013 జులైలో తంతి సేవ ముగిసింది. 2025 సెప్టెంబరులో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. టిక్కెట్టు చేతి ఫోనులోకి వచ్చింది. కొన్ని హాళ్లు నిజంగానే ఖాళీ అయ్యాయి. అయితే మరొక సంగతి మరువరాదు. కొన్ని హాళ్లను ఖాళీ చేశారు. కౌంటర్లు మూసి, పోస్టులు నింపక, మరమ్మతు ఆపి, తరువాత ‘ఈ భవనం కాలం చెల్లినది’ అని వ్రాయడం సులభం. కాలం చెల్లినది భవనమా, దాని మీద చూపిన శ్రద్ధా అన్నది మొదటి ప్రశ్నగా ఉండాలి.

అడగడానికి చట్టం ఆధారమున్నది. ప్రజలపై ప్రభావం చూపే ముఖ్య విధానాలు రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ ప్రకటించాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగవ సెక్షను నిర్దేశిస్తున్నది. దరఖాస్తు పెట్టినవారికే కాదు, దానంతటదే ప్రకటించాలి. వీధి వ్యాపారుల కొరకు 2014లో చట్టం వచ్చింది. పట్టణ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలని అది చెబుతున్నది. కాని అదే చట్టం రైల్వే భూములకు వర్తించదని మొదటి సెక్షనులోనే వ్రాశారు. స్టేషను హద్దులోపల పండ్లబండి పెట్టుకొన్న మనిషికి ఆ రక్షణ లేదు. ఆ హద్దులోపల అతని పక్షాన మాట్లాడగల సంఘటిత శక్తి మనమే.

ఇట్టి ప్రతిపాదన ఎక్కడ వచ్చినా మన శాఖలు ఈ కోర్కెలను ముందుంచవలెనని మనవి:

1. టెండరుకు ముందే భవన పరిస్థితి నివేదిక, కౌలు షరతులు, ఆదాయపు అంచనా ప్రకటించాలి.

2. బహిరంగ విచారణ జరపాలి. సూరత్ వంటి ఊరిలో అది గుజరాతీ, హిందీలతోపాటు తెలుగు, ఒడియా, మరాఠీ భాషలలోనూ జరగాలి.

3. భూమిని అమ్మరాదు. కౌలు మాత్రమే, అదీ పరిమిత కాలానికి, మధ్యలో సమీక్షతో ఉండాలి.

4. నేల అంతస్తులో తపాలా కౌంటరు, పింఛనుదారులు కూర్చొనే చోటు మిగలాలి.

5. కొత్త విశ్రాంతి గదులు, రన్నింగ్ రూములు సిద్ధమైన తరువాతనే పాతవి ఖాళీ చేయించాలి.

6. అక్కడ ఊడ్చిన, కాపలా కాసిన కాంట్రాక్టు కార్మికులకు హోటలు ఉద్యోగాలలో మొదటి అవకాశం, చట్టప్రకారం వేతనం ఇవ్వాలి.

7. కౌలు ఆదాయంలో నిర్ణీత భాగం సిబ్బంది క్వార్టర్ల మరమ్మతుకు కేటాయించాలి.

ఈ ఏడింటిలో అయిదవది నాకు అన్నిటికంటె ముఖ్యం. కారణం మీకు తెలుసు.

ఒక్క సూచనతో ముగిస్తాను. రేపు మీ శాఖలకు తిరిగి వెళ్లాక తీర్మానం వ్రాయడానికి ముందు ఒక సాయంకాలం కేటాయించండి. మీ భవనం చుట్టూ నడవండి. కూలీతో, టీ దుకాణం అమ్మతో, పింఛనుదారునితో, రాత్రి డ్యూటీ చెల్లెలితో కూర్చొని ఈ చోటు మారితే ఏమి పోతుంది, ఏమి కావాలి అని అడగండి. వారు చెప్పినది వారి మాటలలోనే వ్రాసుకొనండి. ఆ కాగితంతో చర్చకు వెళ్లిన సంఘాన్ని ఏ అధికారీ తేలికగా త్రోసిపుచ్చలేడు. 1974 మే నెలలో ఇరవై రోజుల పాటు దేశపు రైళ్లను నిలిపిన కార్మికవర్గం మనది. రైలు నిలపగలిగినవారికి ఒక బల్ల దగ్గర కూర్చొని అడగవలసినది అడగడం అసాధ్యం కాదు.