మెడకు బరువు కాని కెమెరా పట్టీ

(పెరియపాళయమున జరిగిన మన సంఘ సమావేశమునందు చదివిన ప్రసంగపాఠము)



ఆడి మాసము దగ్గర పడుచున్నది. భవానీ అమ్మవారి తిరునాళ్లకు మన యువకులు పలువురు కెమెరాలతో బయలుదేరెదరు. అందుచేత ఛాయాచిత్రములు తీయుటను గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. కటకములను గూర్చియు, వెలుతురును గూర్చియు చెప్పగలవారు మనలో అనేకులు కలరు. మేము కెమెరాను మోయు పట్టీని గూర్చి మాత్రమే మాటలాడదలచితిమి. ఇది మరీ చిన్న సంగతి కదాయని నవ్వువారు నవ్వవచ్చును. మూడేండ్ల క్రిందటి వరకు మేమును నవ్వియుందుము.

ఆనాడు ఆడి ఆదివారము. ఈ యూరి ఆడి ఆదివారము ఎట్లుండునో మీకు మేము చెప్పనక్కరలేదు. శనివారము రాత్రియే కుటుంబములు దిగును. పూర్వము ఎడ్లబండ్లు, ఇప్పుడు వ్యానులు. సత్యవేడు, నాగలాపురము వైపునుండి వచ్చువారి తెలుగు మాట ఆరణియేటి యిసుకలో ఎటుచూచినను వినబడును. 1960 ఏప్రిల్ 1న రాష్ట్రముల ఎల్లలు మారెను గాని ఈ భక్తులు దారి మార్చుకొనలేదు. తెల్లవారగనే వేపమండల చీర కట్టినవారు గుడి చుట్టును ప్రదక్షిణము చేయుచుందురు. మేము ఆ గుంపులో నిలిచి, మెడలో పెద్ద కెమెరా వ్రేలవేసికొని, చేత మరియొకటి పట్టుకొని యుంటిమి.

ఇసుకలో కాలు జారినవారెవరో మా వీపును తాకిరి. మేము ముందునకు వంగితిమి. మెడలోని కెమెరా గడియారపు లోలకమువలె ఊగి, మా ముందు పోవుచున్న ఐదేండ్ల బాలుని నుదుట తగిలెను. కటకపు అంచు గట్టిగా తాకుటచే వాని నుదురు వెంటనే బొబ్బ కట్టెను. వాడు ఏడ్చిన ఏడుపు ఇప్పటికిని మాకు జ్ఞాపకమున్నది. తల్లి యేమియు అనలేదు, వేపాకు నలిపి వాని నుదుట అద్దెను. ప్రక్కనే గాజులు పరచుకొని కూర్చున్న యొక ముసలమ్మ మాత్రము ఊరకుండలేదు.

“ఏం నాయనా, మెడకు గంట కట్టిన ఎద్దు మాదిరి వంగి తిరగతా ఉండావే! మా మామ మలారం భుజాన ఏసుకోని ఇరవై ఊర్లు తిరిగినాడు, ఒక గాజు పగలలా. నువ్వు ఒక డబ్బా మొయ్యలేవా?” అనెను.

మేము సిగ్గుపడితిమి. సిగ్గు తీరిన తరువాత ఆమె మాట మనసులో తిరుగసాగెను. ఈ యూరిలో ఆ మాట వినుటయు తగియే యున్నది. తెలుగుసీమ గాజుల వర్తకుడొకడు చెన్నపట్టణమున సరకమ్ముకొని తిరిగి పోవుచు ఇచ్చట వేపచెట్టు క్రింద నిద్రించెననియు, అతని గాజుల మూట పుట్టలోనికి జారెననియు, ఆ పుట్టలోనే అమ్మవారు వెలసెననియు కదా స్థల ఐతిహ్యము. పగిలెడి సరకును దూరము మోయుటలో గాజులవారిని మించిన గురువులు లేరు. మలారము భుజముపై పడి, శరీరమునకు ఆని యుండును. అది ముందునకు వ్రేలదు, ఊగదు. మెడతో దానికి పని లేదు.

ఇంకొక సంగతి కూడ చెప్పవలెను. ఆ దినమునకు రెండేండ్ల ముందునుండియే మా కుడిచేతి వ్రేళ్లకు తిమ్మిరి పట్టుచుండెను. వైద్యుడు పరీక్షించి, దోషము చేతిలో లేదనియు మెడలో నున్నదనియు, మెడకు బరువు కట్టుట మానవలసినదనియు చెప్పెను. మేము ఆ సలహాను దుకాణపు సలహాగా మార్చుకొని, మెత్తని దిండుగల ఖరీదైన పట్టీ యొకటి కొంటిమి. తిమ్మిరి తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో తెలిసికొనుటకే చాలకాలము పట్టెను.

పెద్ద కెమెరా దేహము ముప్పాతిక కిలో మొదలు కిలో వరకు తూగును. తిరునాళ్లలో వాడెడి పొడవు కటకము ఒక్కటియే ఒకటిన్నర కిలో యుండవచ్చును. రెండున్నర సెంటీమీటర్ల పట్టీని తీసివేసి ఐదు సెంటీమీటర్ల పట్టీ వేసినయెడల చర్మముపై ఒత్తిడి సగమగును. ఇది నిజమే. వెడల్పు పట్టీ కోయదు, ఒరయదు. కాని వెడల్పు ఒత్తిడిని తగ్గించును గాని బరువును తగ్గింపదు. మెడ వెనుక తలవంచినప్పుడు వ్రేలికి తగిలెడి గట్టి యెముక, వెన్నులో ఏడవ పూస, కలదు గదా. పట్టీ అచ్చటనే కూర్చుండును. బరువు మాత్రము రొమ్ముకు ముందు వ్రేలుచుండును. అది మెడను ముందునకు లాగుచుండగా మెడ వెనుకటి కండరములు దినమంతయు వెనుకకు లాగుచు నిలువవలెను. మనిషి తలయే సుమారు ఐదు కిలోలు. దానిని మోయుటకే అలసియున్న కండరములకు ఇది అదనపు చాకిరి. దిండు ఎంత మెత్తనైనదైనను ఈ లాగుడును తీర్చలేదు. సుఖమైన పట్టీయనగానే మనము మెత్తదనమును చూతుము. చూడవలసినది మొదట బరువు ఎచ్చట ఆనుచున్నదని, పిమ్మట వెడల్పు ఎంతయని.

ఒక్క భుజమున సంచివలె తగిలించుకొనుటయు పనికిరాదు. అది జారకుండుటకై మనకు తెలియకయే ఆ భుజమును పైకెత్తి యుంచెదము. సాయంకాలమునకు ఆ ప్రక్క కొయ్యబారును. పట్టీ ఒక భుజముపైనుండి రొమ్మునకు అడ్డముగా వచ్చి రెండవ ప్రక్క నడుమునకు దిగవలెను. జందెము ఎట్లు పడునో అట్లు. మెడ ప్రక్కను తాకరాదు. మెడకును భుజపు కొనకును నడుమనున్న కండపై పడుకొనవలెను. అప్పుడు కెమెరా తుంటియెముకకు కొంచెము పైన ప్రక్కకు ఆని యుండును. నడచునపుడు ఊగదు, వంగినపుడు ముందునకు దూకదు. గంటకొకసారి భుజము మార్చుట మంచిది. సోదరీమణులకు ఒక్క మాట: పైట యెడమ భుజముననుండును గనుక పట్టీని కుడి భుజమున వేసికొనినచో పిన్నీసు ఊడదు, మడతలు చెదరవు. కెమెరా ఎడమ ప్రక్కకు వచ్చును. చేతికి రెండు దినములలో అలవాటగును.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. ఊరేగింపులో డోలు వాయించువారిని చూడుడు. అంత బరువైన వాద్యమును గంటలకొలది నిలిచి, నడచి వాయించెదరు. దానిని మోయునది భుజముపైని గుడ్డపట్టీ. డప్పు వారును అంతే. కెమెరావారు మాత్రము మెడను ఎన్నుకొనిరి. దానికి కారణమున్నది. రాజా దీనదయాళ్ హైదరాబాదు నిజాము కొలువున చిత్రములు తీసిన కాలమున కెమెరా ముక్కాలిపీటపై నిలుచునది, పట్టీతో పని లేదు. 1925లో జర్మనీ దేశపు లైకా బజారునకు వచ్చిన పిమ్మట కెమెరా చేతిలోనికి దిగెను. అది చిన్నది, తేలికైనది. మెడలో వేసికొనినను బాధ లేదు. 1929లో వచ్చిన రోలిఫ్లెక్స్‌ను రొమ్ము క్రింద పట్టుకొని పైనుండి చూచి చిత్రము తీయవలెను. దానికి మెడపట్టీ అవసరమే. పట్టీ బిగియునట్లు కెమెరాను క్రిందికి నొక్కినచో చేయి వణకదు. ఇప్పటి పెద్ద కెమెరాతోనైనను, చిత్రము తీయు ఆ నిమిషమున, పట్టీని బిగలాగి పట్టుట మంచి యుపాయమే. తీయుట వేరు, దినమంతయు మోయుట వేరు. కెమెరా బరువు రెండింతలైన పిమ్మట కూడ పాత యలవాటు మెడను విడువలేదు.

ఇక దేనితో చేయవలెను? తోలు చూడముచ్చటగా నుండును. తంగేడు బెరడుతోను, కరక్కాయతోను పదును చేసిన తోలు ఈ దక్షిణదేశపు పాత సరకు. మన పొరుగుననే రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి తోలు పరిశ్రమకు పేరుపొందిన పట్టణములు. 1948లో చెన్నపట్టణము అడయారులో తోలు పరిశోధనకే ఒక కేంద్ర సంస్థ ఏర్పడెను. అట్లయినను మన యెండకు, మన చెమటకు తోలుపట్టీ తగదని మా అభిప్రాయము. చెమటలోని ఉప్పు దానిపై తెల్లని మరకలు కట్టును. తడిసి యెండలో ఆరినచో బిరుసెక్కి పగులును. తోలే కావలెనను పట్టుదలగలవారు తడిసినపుడు నీడలో ఆరవేసి, నూనె చాల తక్కువగా రాయవలెను.

1935లో కనిపెట్టబడిన నైలాను గట్టిదే. చీకదు, తెగదు. కాని నున్ననిది, భుజముపై నిలువదు, అంచు గొంతును కోయును. మేము కొన్న దిండుపట్టీ సాగెడి రబ్బరు జాతిది. దుకాణములో వేసికొని చూచినపుడు బరువే లేనట్లుండెను. నడువగానే కెమెరా ఎగిరెగిరి పడెను. పైగా చెమట లోపలనే నిలిచి చర్మము నానెను. సాగుట సుఖమని అమ్మువారు చెప్పెదరు. కూర్చున్నంతసేపు అది నిజమే.

మేము చివరకు చేరినది మన యింటి మంచము నొద్దకు. నూలు నవారు! రెండంగుళముల వెడల్పు, గట్టి నేత, చెమట పీల్చును, చొక్కాపై జారదు, మురికియైనచో ఉతుకవచ్చును. మనుష్యుని బరువునే యేండ్లకొలది మోసెడి నవారుకు కెమెరా ఒక లెక్క కాదు. దానితో పట్టీ చేయు విధము వినుడు.

ఆరడుగుల నవారు తీసికొని మొదట ఉతికి ఆరవేయవలెను. నూలు కుదించుకొనును గనుక ఉతుకకుండ కొలిచినచో పట్టీ పొట్టియగును. పిమ్మట ఒక త్రాటిని భుజముపైనుండి రెండవ ప్రక్క నడుము వరకు వేసికొని, చేయి వ్రేలవిడిచిన చోటనే కెమెరా వచ్చునట్లు కొలుచుకొనవలెను. సామాన్యముగా నాలుగున్నర మొదలు ఐదడుగులు వచ్చును. ఇతరుల కొలత పనికిరాదు, చెప్పు వలెనే ఇదియు ఎవరిది వారిదే.

కెమెరా చెవులలో రెండంగుళముల పట్టీ దూరదు. అచ్చటికి ఒక సెంటీమీటరు వెడల్పుగల నైలాను నాడా కావలెను. ఇంతకుముందు నైలానును తిట్టితిమి గాని ఈ చోట దానిని మించినది లేదు. దుకాణపు పాత పట్టీ కొనలే కత్తిరించి వాడుకొనవచ్చును. నవారు కొనను ఇరుప్రక్కలనుండి మడచి, ఇరుకు చేసి, నాడాను లోపల మూడంగుళములు పెట్టి, చతురముగా కుట్టి, ఆ చతురములో ఇంటూ గుర్తు వలె మూలనుండి మూలకు మరల కుట్టవలెను. ఒక్క వరుస కుట్టు ఎన్నడును నమ్మరాదు. ఒక పోగు తెగినచో వరుసయంతయు విడిపోవును. దారము నూలుది కారాదు, చెమటకు చీకును. పాలియెస్టరు దారము మేలు. దర్జీ యంత్రపు సూది ఇన్ని మడతలలో విరుగవచ్చును. మాకు రెండు సూదులు విరిగినవి, దర్జీ మిత్రత్వము కొంత సడలినది. బజారులో చెప్పులు కుట్టు పనివారి యొద్దకు పోవుటయే తెలివి. వారు ఆరెతో రంధ్రము చేసి, మైనము పూసిన దారముతో ఇరువైపుల లాగి కుట్టెదరు. ఆ కుట్టు యంత్రమునకు రాదు. అడిగిన కూలి బేరమాడక ఇయ్యుడు. వారి చేతిలో మీ కెమెరా ప్రాణమున్నది.

కుట్టిన పట్టీని వెంటనే కెమెరాకు తగిలింపకుడు. పది లీటర్ల బకెట్టు నిండ నీరు పోసి, దూలమునకు ఆ పట్టీతో రాత్రియంతయు వ్రేలగట్టి యుంచుడు. అది పది కిలోలు. మీ కెమెరాకు నాలుగింతలో, ఐదింతలో అగును. తెల్లవారి కుట్లు చూడవలెను. ఒక్క పోగు జరిగినను విప్పి మరల కుట్టింపవలెను. మా మొదటి పట్టీ తెల్లవారుజామున మూడు గంటలకు బకెట్టును వదలినది. ఇల్లంతయు తడిసి, ఇల్లాలి చేత చీవాట్లు తింటిమి. అదే కెమెరాయైయున్నచో ఏమగునో ఆలోచించుకొనుడు. పరీక్షలో నెగ్గిన పట్టీనైనను నెలకొకసారి చూచుకొనవలెను. నాడా కెమెరా చెవిలో ఒరసికొను చోట మొదట పీచు లేచును.

కిందటి ఆడి మాసమున మేము ఈ నవారు పట్టీతోనే గుడి చుట్టును రెండు ఆదివారములు తిరిగితిమి. తిమ్మిరి పూర్తిగా పోయెనని చెప్పము. కాని సాయంకాలము మెడ త్రిప్పగలిగితిమి. అంతకంటె మాకు ముఖ్యమైనది మరియొకటి కలదు. కెమెరా ప్రక్కన అణగియుండుటచే చేతులు రెండును ఖాళీగా నుండెను. వేపచీర కట్టినవారి యెదుట మొదట చేతులు జోడించి, చిత్రము తీయవచ్చునా యని అడిగి, సరేయన్న పిమ్మటనే కెమెరాను ముందునకు త్రిప్పితిమి. మెడలో వ్రేలుచున్న కటకము అడుగక మునుపే మనుష్యుల ముఖముపై గురిపెట్టినట్లుండును. కొందరు వద్దనిరి. మేము తీయలేదు. ఆ గాజుల ముసలమ్మ కొరకు వెదకితిమి గాని ఆమె కనబడలేదు.

బల్లపై మూడు పట్టీలు ఉంచితిమి. తెల్లది పొడగరులకు, గళ్లది పొట్టివారికి సరిపోవును. ఎవరి కెమెరాను వారు తగిలించి, ఈ మందిరములో నాలుగు మారులు నడచి చూడవచ్చును. నల్లరంగు అద్దినదానిని మాత్రము తెల్లచొక్కాలవారు ఇప్పుడే భుజమున వేసికొనకుడు. దాని రంగు ఇంకను పోవుచున్నది.