సైలెన్సరు కన్నా ముందు ఫౌండేషన్ చూడండి
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"పనికొచ్చే విషయం ఏదైనా చెప్పండి సాబ్" అన్నారు కార్యదర్శిగారు. ఇంటర్‌తో ఫౌజులో చేరి, ఇ.ఎం.ఇ. వర్క్‌షాపుల్లో బండ్ల కింద పడుకుని సర్వీసు గడిపినవాణ్ణి. నాకు తెలిసింది బండ్లే. అందుకని పాత అంబాసిడర్ గురించి మాట్లాడతాను.

ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014 మే నెలలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. అయినా మనవాళ్ళు కొందరు దాన్ని వదల్లేదు. 50 ఏళ్ళు దాటి, అసలు రూపు చెడని బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇచ్చే నిబంధన 2021లో వచ్చాక షెడ్డులో పడున్నవాటి మీద కూడా ప్రేమ పెరిగింది. పాత కారు బయటికి తీయగానే అందరూ చేయించే మొదటి పని సైలెన్సరు మార్చడం. ఎందుకంటే ఆ చప్పుడు వీధంతా వినపడుతుంది. ఫౌండేషన్ అరిగితే మాత్రం ఎవరికీ వినపడదు.

ఫౌండేషన్ అంటే ఇంజను కింద ఉండే రబ్బరు దిమ్మలు. మాన్యువల్‌లో ఇంజన్ మౌంటింగ్ అని ఉంటుంది, షాపులో ఫౌండేషన్ అని అడిగితేనే ఇస్తారు. ముందు రెండు వైపులా, వెనక గేరుబాక్సు దగ్గర కలిసి ఇంజను బరువంతా మోస్తాయి.

నాకు సీనియర్ అయిన ఒక సుబేదార్ మేజర్ సాబ్‌కి 1973 మార్క్ టూ ఉంది. ఏడాదిన్నరలో రెండుసార్లు కొత్త పైపు, సైలెన్సరు వేయించారు. రెండుసార్లూ మానిఫోల్డ్ కింద పైపు మెడ దగ్గరే వదులై పగిలింది. పెన్షన్ డబ్బు పోయిందనేది ఒక బాధ. అసలు బాధ వేరే ఉంది. ఆ కారులో ఊరికి పోతే మేడమ్‌గారికి తలనొప్పి, మనవరాలికి వాంతులు. "పిల్లకి కారు పడదు" అనుకున్నారు.

బానెట్ ఎత్తి చూశాను. పైపు మెడ చుట్టూ నల్లటి మసి. దాని పక్కనే ఎడమ ఫౌండేషన్ రబ్బరు ఇనప ప్లేటు నుంచి ఊడిపోయి, నూనె తాగి జిగురులా ఉంది. పిల్లకి పడనిది కారు కాదు, కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కన్నా 200 రెట్ల పైగా గట్టిగా పట్టుకుంటుంది. పెడల్స్ దగ్గర కంతల్లోంచి, తుప్పు పట్టిన ఫ్లోరులోంచి లోపలికి వస్తుంది. మొదట తలనొప్పి, వికారం, తర్వాత మగత. డ్రైవరుకి మగత వస్తే ఏమవుతుందో ఇక్కడున్నవారికి చెప్పక్కర్లేదు.

పైపు ఎందుకు పగిలిందంటారా? పైపు ఒక కొస ఇంజనుకి బిగించి ఉంటుంది, తక్కినదంతా బాడీకి వేలాడుతుంది. రబ్బరు నలిగితే ఇంజను కిందికి కూర్చుంటుంది. ఆ కూర్చున్న ఎత్తుకే పైపు వంచి వెల్డింగ్ చేస్తారు. క్లచ్ వదిలిన ప్రతిసారీ ఇంజను మెలి తిరిగి పైపు మెడని విరుస్తుంది. పోనీ తర్వాత ఫౌండేషన్ మారుద్దామంటే ఇంజను పైకి లేచి, కొత్త పైపు ఫ్లోరుకి తగులుతుంది, లేదా మానిఫోల్డ్ స్టడ్డుల మీద బలం పడుతుంది. అందుకే ముందు ఫౌండేషన్, ఆ తర్వాతే సైలెన్సరు. వెల్డింగ్ చేసేవాడు ఈ మాట చెప్పడు. వాడి పని పైపు వరకే.

పరీక్ష సులువు. చదును నేల మీద హ్యాండ్ బ్రేకు లాగి, చక్రాలకి రాళ్ళు పెట్టి, తెలిసినవాణ్ణి సీట్లో కూర్చోబెట్టండి. ఫుట్ బ్రేకు తొక్కి ఉంచి, మొదటి గేరులో క్లచ్ కొద్దిగా మాత్రం వదలాలి. మీరు బండి పక్కన నిలబడి చూడండి, ముందు కాదు. ఇంజను ఎడమ వైపు పైకి లేవాలని చూస్తుంది. కాస్త కదిలితే సరే, గుర్రంలా లేస్తే రబ్బరు తెగినట్టే. రివర్సులో కుడి వైపు తెలుస్తుంది. ఎడమది ముందు పోతుందని నా అనుభవం. మానిఫోల్డ్ వేడి అటే, మెలి అటే. ఇక నూనె కారడం ఈ 1489 సి.సి. ఇంజనుకి పుట్టుకతో వచ్చిన గుణం. లీకు ఆపకుండా కొత్త రబ్బరు వేస్తే దానికీ అదే గతి. స్టీరింగ్ గేరు ఉన్న బండిలో గేరు సరిగా పడకపోయినా రాడ్ల కన్నా ముందు ఫౌండేషనే చూడండి.

పనికి దిగేముందు బ్యాటరీ వైరు తీసేయండి. ఇంజను చల్లారాలి. స్టడ్డులకి ముందు రోజే కిరోసిన్, నూనె కలిపి పట్టిస్తే విరగవు. పాత పైపు మొదట విప్పేయండి, లేకపోతే ఇంజను లేవదు. ఛాంబరు కింద వెడల్పాటి చెక్క పెట్టి జాకీ ఆనించండి. ఉత్త జాకీ పెడితే రేకు సొట్ట పడుతుంది. బరువు జాకీ మీదికి వచ్చేవరకే ఎత్తాలి. ఫ్యాను రేడియేటరుకి తగలకుండా, హోసులు లాగుకోకుండా ఒకరు చూస్తూ ఉండాలి. బండి కింద దూరేటప్పుడు బాడీకి స్టాండులు తప్పనిసరి. జాకీని నమ్మి దూరవద్దు.

ఒకటి మార్చి రెండోది వదిలేయకండి. కొత్తది పాతదాన్ని మోస్తూ ఆరు నెలల్లో నలుగుతుంది. వెనకదీ చూడండి. బోల్టులు వేలితో బిగించి, ఇంజనుని చేత్తో ఊపి, అది తన చోట కూర్చున్నాకే పానా వేయాలి. రబ్బరు కరెంటు పోనివ్వదు కాబట్టి ఇంజనుకీ బాడీకీ మధ్య ఎర్త్ పట్టీ ఉండి తీరాలి. అది మరిచిపోతే సెల్ఫ్ కరెంటు చోక్ కేబుల్లోంచి పోయి కేబుల్ కాలుతుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి బ్యాటరీ మార్చమంటాడు.

ఇక సైలెన్సరు. మెడకి కొత్త ప్యాకింగ్ వేసి, మానిఫోల్డ్ నుంచి తోక దాకా అంతా వదులుగా అమర్చండి. ముందు నుంచి వెనక్కి బిగించుకుంటూ పోవాలి. వేలాడే రబ్బరు పట్టీలు కూడా కొత్తవే, అవి చివర. ఏ పట్టీ అయినా పైపుని పక్కకి లాగుతుంటే ఆ క్లాంపు మళ్ళీ విప్పాల్సిందే. ఇంజను స్టార్టు చేసి తోక దగ్గర గుడ్డ క్షణం సేపు అడ్డం పెడితే లీకున్న చోట బుస్సుమని వినపడుతుంది. ఇది ఆరుబయటే చేయండి, మూసిన గ్యారేజీలో వద్దు.

సుబేదార్ మేజర్ సాబ్ కారుకి ముందు రెండు రబ్బర్లు, వెనకది, ఎర్త్ పట్టీ, ప్యాకింగ్ వేశాం. మూడోసారి వేసిన పైపు ఇప్పటికీ అదే ఉంది. మేడమ్‌గారు మొన్న దీపావళికి ఆ కారులోనే ఊరికి వెళ్ళొచ్చారు. 500 కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మళ్ళీ ఒకసారి బిగించాను. మీరూ ఆ దూరానికే బిగించండి, వేడికి అవి వదులవుతాయి. జై హింద్.