కణం తీసుకునే నకలు

చర్మం గీరుకుంటే కొద్ది రోజుల్లో మానిపోతుంది. గాయం దగ్గరి కణాలు విభజన చెంది ఆ లోటు పూడుస్తాయి. కానీ రెండుగా విడిపోయే ముందు ప్రతి కణమూ తన డీఎన్ఏకు పూర్తి నకలు తీసుకోవాలి. మనిషి కణంలో అది సుమారు 600 కోట్ల అక్షరాల రాత!

డీఎన్ఏ రెండు పేటల గొలుసు. హెలికేజ్ అనే ఎంజైమ్ ఆ పేటలను విడదీస్తుంది. పాలిమరేజ్ ఒక్కో పాత పేటకు జతగా కొత్త పేటను కడుతుంది: ‘ఎ’కి ఎదురుగా ‘టి’, ‘జి’కి ఎదురుగా ‘సి’. ప్రతి నకలులో ఒక పేట పాతది, ఒకటి కొత్తది అని 1958లో మెసెల్సన్, స్టాల్ ఇ.కోలి బ్యాక్టీరియాపై ప్రయోగంతో నిరూపించారు.

ఒక్కచోటే మొదలైతే ఈ పనికి చాలా కాలం పట్టేది. వేల చోట్ల సాగుతుంది కాబట్టి సుమారు 8 గంటల్లో ముగుస్తుంది. పడిన తప్పులను కణమే వెతికి దిద్దుకుంటుంది. చివరికి 100 కోట్ల అక్షరాలకు దాదాపు ఒక్క తప్పు మిగులుతుంది.

తర్వాత నకలుతో జంటలైన 46 డీఎన్ఏ చుట్టలను, అంటే క్రోమోజోములను, సన్నని తంతువులు పట్టుకుంటాయి. అన్నీ సరిగ్గా అతుక్కున్నాకే వాటిని చెరోవైపుకు లాగుతాయి. ఈ కట్టుదిట్టాలు తప్పి కణాలు అదుపు లేకుండా పెరగడమే క్యాన్సర్. అందుకే అనేక కీమోథెరపీ మందులు ఈ నకలునో, ఈ విభజననో అడ్డుకుంటాయి. కణం పనితీరు ఎంత బాగా తెలిస్తే వైద్యం అంత మెరుగవుతుంది.